నిచ్చెన అద్దె

గోడలకు చెవులుంటాయంటారు.
యులాలియా గదిలో గోడలకు నోళ్లు.
కూర్చున్నవాడి చెవి ఎత్తులో ఏడు,
కప్పులో నాలుగు,
మూలన నేలమీద మాట రాని ఎద్దులా
రంకె మాత్రం వేసే పెట్టె ఒకటి.
వాటికి తీగలు లాగింది నేనే,
బెల్మీరుని, కరెంటు పనివాణ్ణి.
పాటల సంగతి నాకు తెలియదు.

ఒకప్పుడు ఇది వైన్ పీపాల గోదాము.
డోరో నది మీద మంచు పట్టిన పొద్దుల్లో
ఇటుకల్లోంచి ఇంకా పులిసిన ద్రాక్ష వాసన.
ఆమె గోడలనిండా కార్కు అతికించింది,
అరచేయి మందాన, కాల్చిన నల్లటి కార్కు.
చప్పట్లు కొట్టి చూశాను.
చప్పుడు చేతుల్లోనే ఉండిపోయింది.

మొదటి రోజు నాకు టేపు ఇచ్చింది.
కుర్చీలో తల ఉండే చోట
తాపీమేస్త్రి గుండు వేలాడదీసి
అక్కణ్ణుంచి ప్రతి నోటికీ రెండు మీటర్ల పది.
అన్నీ కుదిరాయి, వెనక కుడివైపుది తప్ప.
పాత దూలం అడ్డొచ్చి
ఏడు సెంటీమీటర్లు ముందుకొచ్చేసింది.
దూలం చెక్కేద్దామన్నాను.
"అక్కర్లేదు, కాస్త ఆగమని చెప్తే చాలు" అని
కంప్యూటర్లో ఏదో అంకె కొట్టింది.
సెకన్ను ఐదువేల ముక్కలు చేసి
అందులో ఒక్క ముక్కసేపు ఆగమని.
మా తమ్ముడికి ఆ అంకె ఎవరైనా కొట్టి ఉంటే,
బండి మీద, ఆ మలుపు దగ్గర...
పైకి అనలేదు. టేపు చుట్టేశాను.

కంప్యూటర్లు రెండు.
ఒకటి పాటను దాచుకుంటుంది.
రెండోది ఏ గొంతు ఎక్కడ నిలబడాలో చెప్తుంది.
దానికి ఆయాసమెక్కువ, ఫ్యాను ఆగదు,
అందుకే నడవాలో పాత బీరువాలోకి నెట్టాం.
రెంటి మధ్యా ఒకే సన్నటి తీగ.
అందులో అరవైనాలుగు దారులంట.
వంచి చూశాను. తీగే.
ఆపైన గడియారం అని పిలిచే పెట్టె,
ముళ్లు లేవు, అంకెలు లేవు, ఒక పచ్చ లైటు.
"టైము చెప్పని గడియారం ఎందుకు?"
"నీ పటాలంలో హవల్దారు టైము చెప్పేవాడా,
అడుగు కలపమనేవాడా?"

మూడు వారాలు వదలని గుయ్యిమనే రొద.
సీసాలో పడ్డ తుమ్మెద.
ఆమె "యాభై" అనేది, ఒళ్లు వెచ్చబడ్డవాణ్ణి తాకి చూసినట్టు.
పక్కనున్న చేపల కోల్డ్ స్టోరేజీ మోటారూ మేమూ
నేల కింద ఎర్తు పంచుకుంటున్నామని
నాలుగో సోమవారం తెలిసింది.
పెరట్లో రాగి కడ్డీ దిగ్గొట్టి
ఉప్పూ బొగ్గూ వేసి నీళ్లు పోశాను.
ఆ సాయంత్రం గది నోరు మూసుకుంది.
చీమ చిటుక్కుమన్నా వినిపించేంత.
చిటుక్కుమన్నది నా మోకాలు.

"కూర్చో" అంది.
"నేనా?"
"నా ఎడమ చెవిని ఈమధ్య నేనే నమ్మడం లేదు.
ఎవరికీ చెప్పకు."
తాను వెళ్లి తలుపు అవతల నిలబడింది.

అలెంతేజు పల్లెలో, కార్కు చెట్ల కింద
ముసలాళ్లు పాడుతుంటే తీసిన రికార్డింగు.
ఒకడు ఎత్తుకున్నాడు, నా భుజం పక్కనే.
మిగతావాళ్లు వీపు వెనక నుంచి అందుకున్నారు.
ఎవరో ఊపిరి తీసుకున్నారు.
దారి ఇద్దామని కుర్చీ జరిపాను.
అంతలో నెత్తిమీద
టప్పు.
టప్పు టప్పు.
లేచి నిచ్చెన అందుకున్నాను.
"ఏంటది బెల్మీరూ?"
"కప్పు కారుతోంది! పైన నా తీగలున్నాయి!"

యులాలియా నవ్వడం అదే మొదటిసారి చూశాను,
తలుపు పట్టుకుని, కళ్లద్దాలు తీసి మరీ.
బయట జూలై ఎండ.
ఆ వాన కిందటి మార్చిది.
ఆమె నోటుపుస్తకంలో "కప్పు నాలుగూ సరే" అని రాసుకుంది.
నేను బిల్లు రాశాను.
రాగి కడ్డీ, తీగ మీటర్లు, ఇరవై రెండు రోజుల కూలి.
నిచ్చెన అద్దె రాయలేదు.