ఉత్తరం దిక్కు గోలు

ఆరు ఊర్లు గావాలె వాండ్లకు.
పదకొండు ఊర్లు జూసి ఆరింటికి టిక్కు వెడ్తరట.
మాది తొమ్మిదోది.

నలుగురు దిగిండ్రు కార్లకెళ్ళి.
టోపీలు, మెడల కార్డులు, ఎండకు కమిలిన ముక్కులు.
ఒకాయన వంపు చెక్క మీదికెళ్ళి బంతిని జారిడిసి
అది ఏడ ఆగిందో టేపువెట్టి కొలిసిండు.
ఒకామె పెద్ద లైట్ల కింద డబ్బీ పట్టుకొని
వెలుగును తూకమేసింది.
కుర్సీలు లెక్కవెట్టిండ్రు, నల్లాలు తిప్పిండ్రు.
ఎయిర్‌పోర్టుకు ఎంతసేపు, దవఖానకు ఎంతసేపు,
వానవడ్డనాడు ఎంతసేపు?
అన్నిటికీ సుధీంద్ర సారు
ఇరవై నిమిషాలే అన్నడు.

గడ్డి ఎవలు వెంచిండ్రంటె
కంపెనీ పేరు జెప్పిండు.
నేనప్పుడు పైపు చుట్టవెడుతున్న.
తల ఎత్తలే.

ఉత్తరం దిక్కు గోలు ముంగట
రెండు చాపలంత జాగ ఉంటది.
ఏ ఎరువేసినా ఆడ గడ్డి పసుపుకే తిరుగుతది.
సార్లకు మందు తెలుసు, నాకు మతలబు తెలుసు:
జానెడు మన్ను కింద బండ.
నీళ్ళు దిగయి, వేర్లు దిగయి.
ఈ ఇలాకంత ఒకప్పుడు గుండ్లే గద,
ఒకదాని మీదొకటి,
ఇయ్యాల పడతయా రేపు పడతయా అన్నట్టు
ఎన్నడూ పడకుంట.
మా మామ పల్లెపు తిరుమలయ్య
గుత్తవట్టి పలగ్గొట్టిండు వాటిని.
ఉలి తాకితె మోగాలె, అది మంచి రాయి,
బోలు రాయి దగ్గినట్టు పలుకుతది అంటుండె.
మెట్లకు పోయింది మెట్లకు పోయింది,
కంకరైంది కంకరైంది.
ఈ ఒక్కదాన్ని మాత్రం సుత్తె దించి జూసి
"దీని కడుపు లోతు, మందు వెడితెనే కదులుతది" అన్నడట.
వెట్టనియ్యలే, పక్కపొంటి బిల్డింగులకు అద్దాలున్నయని.
మన్ను గప్పిండ్రు.

లిస్టు ఒచ్చిననాడు
వాచ్‌మన్ మబ్రూక్ ఫోన్ల జూసినం,
ఐదుగురం, తలకు తల తాకంగ.
బార్కాస్ పిలగాడు, వాండ్లింట్ల
నడక కంటె ముందు తన్నుడు నేరుస్తరు.
ఒక్కో ఊరు సదువుకుంట వేలు ముడిసిండు.
ఆరో వేలు అవుతలి చేతిది.
అది ముడిసినంక గూడ చెయ్యి దించలే,
ఇంకో పేరు ఉన్నదేమో అని.
నాకు ఆ ఊర్ల మీద కోపం రాలే.
ఆడ గూడ ఎవలో ఒకామె
పొద్దుగాల నాలుగింటికి పైపు ఇడుస్తది గద.

వారం వోయినంక తెలిసింది,
మాకు మ్యాచులు లేవు, ప్రాక్టీసు ఉన్నది.
మూడొద్దులు, గేట్లు మూసి.
పెండ్లి ఆడ, వంట ఈడ అన్నడు మబ్రూక్.

తెల్ల చొక్కాల పిలగాండ్లు దిగిండ్రు.
ఏ దేశమో అడగలే, అడిగినా యాదుండకపోవు.
గోలు కాసేటోనికి ఇంక నూగుమీసం.
అటు దుంకె, ఇటు దుంకె,
మూడోపాలి ఉత్తరం జాగల వడి
జరసేపు లేవలే.
మోకాలు తుడుసుకొని, మన్నుల వేలువెట్టి గెలికి
శనిగగింజంత రాయి తీసిండు.
ఏడ పారేయాలెనో తెల్వక సుట్టూ జూసిండు,
అంత సాపుగ ఉంచినం మరి.
గీత అవుతల నేను నిలవడ్డ.
నా చేతుల వెట్టిండు.
ఏందో అడిగిండు. ఊరి పేరేమో అనుకొని
గచ్చిబౌలి అన్న.
గచ్చి అన్నడు. బౌలి తిరగలే నోట్ల, నవ్విండు.
బౌలంటె బాయి బిడ్డా,
అదేడున్నదో మాకే తెల్వదు అన్న.
సమజైనట్టు తలూపిండు.

సారు ఉరికొచ్చిండు, ఏమన్నడు, కంప్లైంటా అని.
ఏం లేదన్న.
రాయి కొంగున ముడేసిన.
రాత్రి గంజు అంచుకు తాకిచ్చి ఇన్న.
ఇంతంతదే గని
మోగింది.

తెల్లారి సారు ఆ జాగల
కొత్త మన్ను వొయ్యమన్నడు.
పోసినం.
జానెడే.