ఆ చప్పుడు డ్రమ్ముది కాదు

టాంపెరేలో నూలుమిల్లు మూతపడ్డ ఏడాది
మగ్గాలు అమ్మేసిన హాల్లో మాకు రిహార్సల్సు.
నేలకి ఇంకా నూనె వాసన.
కిటికీ బయట నురగలు కక్కే ఏరు,
లోపల ఎలక్ట్రిక్ పియానో, గిటార్లు, ఒక సాక్సఫోను,
డ్రమ్ముల వెనక ఇల్పో,
వేళ్ళ దగ్గర కత్తిరించిన ఉన్ని గ్లోవ్సుతో.

బాలేకి సంగీతం కావాలంటే
ఆ కుర్రాళ్ళు ఏడు లెక్కలో రాసుకొచ్చారు.
మేం ఎనిమిదిలో పెరిగినవాళ్ళం,
ఎనిమిదిలో లేచి, ఎనిమిదిలో వాలి
ఎనిమిదికోసారి ఊపిరి తీసేవాళ్ళం.
ప్రతిసారీ ఏడు తర్వాత,
ఇంకో మెట్టుందని చీకట్లో కాలు దింపినట్టు
గుండె ఒక్కటే కిందికి పోయేది.

మర్యుత్ టీచరు కర్రతో నేలని కొట్టేది.
"ఒకటి రెండు మూడు, ఒకటి రెండు, ఒకటి రెండు.
లెక్కపెట్టకండమ్మా, కుంటండి!"
మాకు నవ్వొచ్చేది.

రికార్డింగ్ నాడు మమ్మల్నీ రమ్మన్నారు.
పాదాలు కనబడితేనే తన చెయ్యి ఆడుతుందన్నాడు ఇల్పో.
మైకుల్ని పైకప్పు గొలుసులకి వేలాడదీశారు.
రెండో వైపు, తొమ్మిదో నిమిషం.
సాక్సఫోను ఎక్కడికో ఎక్కి
దిగడం మర్చిపోయింది.
నేను గాల్లో ఉన్నాను.
ఆ ఎత్తు ఇంకా గుర్తు,
కిటికీ పైచట్రంలో ఒక పావురం
నన్ను చూసి తల తిప్పుకుంది.
దిగేచోట నూనె.

ఎవరూ వాయించడం ఆపలేదు.
టేపు ఖరీదు మరి.
మోకాలు పట్టుకుని, జడ కొస పళ్ళతో కరిచి
మిగతా నాలుగు నిమిషాలూ నేలమీదే విన్నాను.
అంత దగ్గరగా మళ్ళీ ఏ పాటా వినలేదు.

ప్రదర్శన మూడు రాత్రులు నడిచింది.
నా బదులు కైసు ఆడింది, బాగా చేసిందట.
నేను వెళ్ళలేదు.
ఐదొందల రికార్డులు అచ్చేశారు,
అట్టమీద ఎవరివో కాళ్ళు.
తర్వాత ముప్పై ఏళ్ళు బస్సు డిపోలో టికెట్ల లెక్క చూశాను.
అక్కడ అన్నీ పదులే.

మొన్న పైవాటాలోంచి అదే పాట.
కర్ర పట్టుకుని మెట్లెక్కి తలుపు తట్టాను.
గోలకి తిట్టడానికొచ్చాననుకున్నాడు యల్మరి,
సౌండు తగ్గించబోయాడు.
వద్దన్నాను.
వాడి మొహం వెలిగిపోయింది.
"ఇక్కడ వినండి, ఈ దెబ్బ!
ఎంత ఆలస్యంగా పడుతుందో,
అయినా ఎంత సరిగ్గా పడుతుందో!
ఇలా వాయించే డ్రమ్మరు ఇప్పుడు లేడండీ."
లేడన్నాను.
వాడు సూది వెనక్కి పెట్టాడు.
నేను మళ్ళీ పడ్డాను.
మళ్ళీ పెట్టాడు.
పావురం సంగతి చెబుదామనుకున్నాను గానీ
కాఫీ ఇచ్చాడు, అందులో ఏలకుల బన్ను ముంచుకున్నాను.

దిగేటప్పుడు
కర్ర, మంచికాలు, చెడ్డకాలు,
కర్ర, కాలు,
కర్ర, కాలు.
లెక్కపెట్టలేదు, టీచర్.