లోగేరు

మంగమారిపేట ఇసకలో రెండు ఏటీవీలు.
ఎర్రదానికి నలభై ఎనిమిది గుర్రాలట,
షోరూం కుర్రోడు లెక్కపెట్టి మరీ చెప్పాడు.
పచ్చది పాతది, సగం గుర్రాలు,
గేరు కాలితో తన్నాలి.

అలివి వల ఒడ్డుకు రానంటోంది
సగం సముద్రం మింగి.
ఎర్రది అరిచింది. చక్రం కింద గొయ్యి తవ్వింది.
బెల్టు కాలిన వాసన
ఎండుచేపల గాలిలోనూ తెలిసిపోయింది.

అరిజిల్లి కాసులమ్మ పచ్చదాన్ని లోగేరులో వేసి
యాక్సిలరేటర్ మీద బొటనవేలు
చేప మొప్ప తడిమినట్టు ఆనించింది.
అడుగు.
ఆగు.
అడుగు.
వల కదిలింది.

"రోడ్డెక్కితే ఎర్రదే గెలుస్తాది,
భీమిలి దాకా దాని పొగే నాకు మిగుల్తాది.
నా చేపలు ఇసకలో ఉన్నాయి గదేటి!"

కొత్త బెల్టు ఎంతవుద్దని
ఎల్లాజీ రెండుసార్లు అడిగాడు.
ఎవరూ వినలేదు.