ఇరవై నిమిషాల పెండ్లి

మూడొద్దుల పెండ్లి.
నాలుగు కార్డుల నిండ పసుపు, డప్పు, పొగ.
పదిహేను రూపాయల డిస్కు మీద
గంత సాఫు బొమ్మ ఎక్కియ్యాలంటె
ఇరవై నిమిషాలే పడతది.
పెద్ద డిస్కుకు కోఠి దాక పోవాలె,
తెచ్చినా దాన్ని రాసే మిషను నా కాడ లేదు.

అందుకే చండూరుల, మా ఇంటి నడిమర్రల,
కుట్టుమిషను పక్కకు కంప్యూటర్ జరుపుకొని
రాత్రి పది దాటినంక కూసుంట.
పగటి కరెంటును నమ్మలేం.
సగం కాలినంక పోయిందంటె
ఆ డిస్కు మళ్ల దేనికీ అక్కరకు రాదు.
వెనక్కి తిప్పి చూస్తె
నడుమ నుంచి ఎంత మేర కాలిందో
ఉంగరం లెక్క మరక.
ఫోల్డరు పేరుల ఒక్క అక్షరం తప్పినా
ప్లేయరు డిస్కే లేదంటది,
దాని నోట్లనే పెట్టుకొని.
అసొంటివి ఓ సంచెడున్నయి.
మా జంగమ్మ వాటికి దారం గుచ్చి జొన్నచేన్ల కడతది,
"నీ ఇద్దె చిలుకలను ఎల్లగొట్ట పనికొచ్చింది పో" అంటది.

సైదులు కొత్త టీవీ కొన్నడు, పన్నెండు కిస్తీలు.
చెల్లె పెండ్లి దాంట్లనే చూడాలె,
"అద్దం లెక్కుండాలన్నా" అన్నడు.
పాత డబ్బా టీవీల
అందరూ నీళ్లల్ల నిలబడ్డట్టే కనిపిస్తుండిరి.

మూడొద్దుల నుంచి ఇరవై నిమిషాలు ఏరుడంటె
బియ్యంల రాళ్లేరుడు గాదు,
బియ్యమే ఏరి పారబోసుడు.
చిన్నాయిన అలిగిన ముచ్చట తీసేసిన.
మైలపోలు సగం తీసేసిన.
సదివింపులు మొత్తానికే తీసేసిన,
రేపు వాళ్లతోని నాకు పంచాయితే.
ఒక్కటి తియ్యలే:
తలంబ్రాల కాడ పారిజాత నవ్వుడు.
మూడొద్దులు నోటికి చెయ్యో కొంగో
అడ్డం పెట్టుకున్న పిల్ల,
దోసిలి నిండ బియ్యముండి
అడ్డం పెట్ట చెయ్యి లేక
నవ్వింది.
నాలుగు సెకండ్లు.
పండ్ల మీద గోధుమరంగు చారలు,
మా బోరింగు నీళ్లు గీసినయి.

సైదులు చూసి సప్పుడు చెయ్యలే.
చాయ్ సల్లారినంక
"జర తెల్లగ చెయ్యరాదె అన్నా" అన్నడు.

నాలుగు సెకండ్లంటె నూరు బొమ్మలు.
నూరు బొమ్మల్ల ఒక్కొక్క పన్ను.
కోడి కూసే యాళ్లకు
పారిజాత నోట్ల
ఎవరివో పండ్లు మెరుస్తున్నయి.
డిస్కు ఎక్కిచ్చిన.
మిషను గిర్రున తిరిగి తిరిగి
ఆఖరుకు చిన్నగ దగ్గి నాలుక చాపింది.
డిస్కు ఎచ్చగున్నది, అప్పుడే కాల్చిన రొట్టె లెక్క.
వెనక్కి తిప్పితె అద్దం.
అండ్ల నా మొఖం.
నోరు మూసుకొనే చూసుకున్న.

పదొద్దులకు ఫోను.
"అన్నా, నేను పారిజాతను.
ఈడ మా అత్తకు, మామకు, ఆయనకు,
పక్కింటి పోరలకు గూడ
అందరికీ మన పండ్లే.
డిస్కు పెట్టినప్పుడల్ల
ఆ తెల్లపండ్లామె ఎవరని అడుగుతుండ్రు.
ఏం చెప్పాలె?"
నవ్వింది.
చెయ్యి అడ్డం పెట్టుకున్నదో లేదో
ఫోన్ల తెలువది.

ఆ రాత్రి మళ్ల రాసిన.
తొంభై ఆరు కాడ లైటు మినుకుమన్నది.
ఊపిరి బిగవట్టిన.
పోలే.
మార్కరుతోని పైన పేర్లు, తారీకు రాసి
ఇంకేం రాయాల్నో తోచక
అసలుది అని రాసిన.

ముందటిది సైదులు వాపసు తెచ్చిండు,
మొఖం పక్కకు పెట్టి ఇచ్చిండు.
జంగమ్మ దారం గుచ్చి చేన్ల కట్టింది.
గాలికి తిరుగుతది, ఎండకు తళుక్కుమంటది.
చిలుకలు దానికి గూడ
మిగిలినవాటికి భయపడ్డట్టే
రెండొద్దులు భయపడ్డయి.