చెవిరాయి

బోడసకుర్రు రేవులో పట్టిన బొచ్చె తల
ఐసు డబ్బాలో నా బల్ల మీదికొచ్చింది.
తలతో పాటు ఒక కాగితం:
"ఈ చేప ఎవరిది? తేల్చి చెప్పగలరు."
కింద పంచాయతీ ముద్ర, కాస్త వంకరగా.

తగువు ఇదీ.
పోయిన శ్రావణంలో గోదారి పొంగి
పేరిచర్ల భీమరాజు గారి చెరువు గట్టు తెగింది.
పదెకరాల చేప రాత్రికి రాత్రే వైనతేయలో కలిసిపోయింది.
ఇప్పుడు పెమ్మాడి ధనకోటి వలలో పడ్డ ప్రతి పెద్ద బొచ్చెనూ
"నా మేత తిన్నదే" అంటారాయన.
"గోదారికి మేత మీరేత్తన్నారాండీ?" అంటాడితను.

నేను తీర్పరిని కాను. తలలు కోసేదాన్ని.
మొప్ప పైకెత్తి, పుర్రె అడుగున
సన్నటి పట్టకారుతో తడుముతాను.
దొరుకుతుంది, నూక గింజంత.
ముత్యమేమీ కాదు,
అన్నంలో పంటికింద కలుక్కుమనే రాయి,
అంతే ఉంటుంది చూడ్డానికి.

చేప వినేది దీంతోనే.
విని ఊరుకోదు, రాసుకుంటుంది.
రోజుకో పొర. పొరలో ఆనాటి నీరు.
ఆకలి రోజుల్లో చేప
తన పొలుసుల్లో సున్నం తానే కరిగించుకుంటుంది,
ఈ రాయి జోలికి మాత్రం పోదు.
మా అమ్మ గాజులమ్మింది, ఇత్తడి బిందెలమ్మింది,
నేను పుట్టిన ఘడియ రాసిన పాత పంచాంగాన్ని
తూకానికి వెయ్యలేదు.
అలాగ.

జిగురులో పొదిగి, గరుకు కాగితం మీద అరగదీసి,
నడిమి చుక్క బయటపడ్డాక
అక్కణ్ణించి అంచు దాకా లేజరుతో పొడుస్తాను,
ముగ్గుకి ముందు చుక్కల్లా, ఒకటే వరస.
పొగైపోతూ ప్రతి చుక్కా
తన నీటి పేరు చెప్పిపోతుంది.
స్ట్రాన్షియం ఎక్కువైతే ఉప్పు బోరు.
బేరియం లేస్తే ఏటి ఒండ్రు.

తెర మీద గీత మొదలైంది.
తొలి చుక్కలు హేచరీ తొట్టివి,
ఏ ఊరివీ కాని నీళ్లు.
తర్వాత పద్నాలుగు చుక్కలు భీమరాజు గారివే:
సముద్రం దొంగచాటుగా వచ్చి కలిసిన బోరు.
తవుడు వాసన రాయికి అంటదు గానీ
నాకు మాత్రం వచ్చింది.
ఆయన అబద్ధమాడలేదు.

అక్కడొక నల్లటి గీత.
తల వెంట్రుక దాని పక్కన మోకులా ఉంటుంది.
గట్టు తెగిన రాత్రి అది.
ఆ రాత్రే ధనకోటి పాకలోకి నీళ్లొచ్చి
పొయ్యి రాళ్లు కొట్టుకుపోయాయి.
వాటి సంగతి రాసుకున్న రాయి ఎక్కడా లేదు.

గీత దాటగానే బేరియం జివ్వున లేచింది.
ఎర్రనీరు. పాపికొండల ఆకు కుళ్లు,
శబరి మోసుకొచ్చిన మట్టి, ధవళేశ్వరం తలుపుల కింద నురుగు.
అంచు దాకా అదే. పదకొండు నెలలు.
ధనకోటీ అబద్ధమాడలేదు.

రిపోర్టులో గడి ఒక్కటే ఉంది: "మూలం."
పెన్ను మూత తీసి, పెట్టి, తీసి,
చివరికి ఫోను ఎత్తాను.

"ఏటంటాదండీ రాయి?"
చెప్పాను, రెండు నీళ్లూ, చుక్కల లెక్కతో సహా.
కాసేపు అటువైపు గాలి, ఇంజను పడవ.
"అయితే మా లోవకుమారి లాగేనండి.
పుట్టింది పల్లంకుర్రు. ఇరవై రెండేళ్లుగా మా రేవే.
నువ్వెవరిదానివే అనడిగితే
అట్లకాడుచ్చుకుంటాది."

నవ్వాను. ఉద్యోగం గుర్తొచ్చి అడిగాను,
చేప మిగతాది భద్రంగా ఉందా అని.

"మీరడిగింది తలకాయే కదండీ.
మిగిల్నాది ఆ పూటే పులుసెట్టేసింది.
ఎంత తగువైనా,
రాజు గారింటికీ ఓ గిన్నెడంపాం."

"తిన్నారా?"

"తిన్నారండి.
ఉప్పు తగ్గిందన్నారు."