తొడిమ

ఏటుకూరు రోడ్డులో కోల్డు స్టోరేజి వెనక రేకుల షెడ్డు.
మిరప తొడిమలు తీసే ముప్పై తొమ్మిది మందిమి.
పని ఆరింటికా, ఎనిమిదింటికా?
చేతులెత్తమంటే ఎవరూ ఎత్తలేదు.
మేస్త్రి గుమ్మంలోనే నిలబడ్డాడు మరి.

నూనె డబ్బా తెచ్చింది మస్తాన్‌బీ.
తొడిమున్న కాయ వేస్తే ఆరు,
తీసిన కాయ వేస్తే ఎనిమిది.
కొంగు కింద పిడికిలి దాచుకుని
ఒక్కొక్కరం వేశాం.
కరుణమ్మ వేసి తుమ్మింది,
ఆ తుమ్ము ఎటువైపో ఎవరికీ తెలియలేదు.

గోనె మీద కుమ్మరిస్తే
తొడిమతో పంతొమ్మిది, తొడిమ లేనివి పంతొమ్మిది.
ఇంకో కాయ,
దాని పక్కనే విడిగా ఒక తొడిమ.
డబ్బా ఊపినప్పుడు ఊడిందా?
ఎటూ తేలక ఎవరైనా రెండూ వేసిందా?

మేస్త్రి నవ్వాడు.
"అందుకే తెలిసినోడికి వదిలెయ్యాలి."
నిజమే, అతనికి లెక్కలొచ్చు,
ఎండ ఎన్నింటికి రేకుల మీదికొస్తుందో తెలుసు.
దయామణి బిడ్డ ఎన్నింటికి పాలకేడుస్తుందో తెలీదు.

ఆ కాయ ఎవరిదని మేం అడగలేదు.
అడిగితే అది ఓటు కాదు, సాక్ష్యం.
మళ్ళీ వేశాం.
మూడు కాయల తేడాతో ఆరు గెలిచింది.
నాది ఎనిమిది.

తెల్లారి ఆరింటికి నిద్రకళ్ళతో కూర్చుని
ఇది నేను కూడా పెట్టిన టైమేనని చెప్పుకుంటే
మనసు సగమే నమ్మింది.
మిగతా సగం
గోడ మీద సుద్దతో రాసిన తేదీ చూస్తోంది:
ఉగాది వెళ్ళిన సోమవారం, మళ్ళీ డబ్బా.

ఆ విడిపోయిన కాయనీ తొడిమనీ
మస్తాన్‌బీ పారెయ్యలేదు.
గూట్లో పెట్టింది.
అటు వెళితే ఇప్పటికీ దగ్గొస్తుంది,
మేస్త్రికి కూడా.