ఐదు ఆంపియర్లు

మా వీధికి కరెంటు రెండు దారుల్లో వస్తుంది.
సర్కారుది వచ్చినప్పుడు వస్తుంది.
మిగతా వేళల్లో జెనరేటరు బెద్రోస్ దయ.
ఇంటికి ఐదు ఆంపియర్లు, నెల మొదట్లోనే డాలర్లు.
ఆరోది అడిగావా,
మెట్ల కింద పెట్టెలో బ్రేకరు టక్కున పడుతుంది.
నాలుగంతస్తులు దిగాలి, టార్చి పళ్ళ మధ్య పెట్టుకుని.

నా పని చావు కాగితాలు.
బుర్జ్ హమ్మూద్‌లో ఎవరు పోయినా
ఫొటో, పేరు, చర్చి, వేళ
రాత్రికి రాత్రే కూర్చి ఇవ్వాలి,
తెల్లారేసరికి గోడలకెక్కాలి.
పోయేవాళ్ళు కరెంటు వేళలు చూసుకుని పోరు కదా.

పదకొండేళ్ళుగా బల్ల కింద ఒక పెద్ద పెట్టె.
మీట నొక్కితే ముసలి పూజారిలా గొంతు సవరించుకుని
ఆనక పని మొదలుపెడుతుంది.
మా అర్మేనియన్ అక్షరాలన్నీ దాని కడుపులోనే.

నిరుడు వారుజాన్ వచ్చి
అగ్గిపెట్టంత మీటరొకటి
ప్లగ్గుకీ గోడకీ మధ్య దూర్చాడు.
తెరతో కలిపి రెండు వందల పది వాట్లు.
ఫొటో పెద్దది చేస్తే రెండు వందల అరవై.
ఆపేశాను. నాలుగు.
"ఆపాక కూడా దేనికి?"
"నిద్రలో కలవరిస్తుంది" అన్నాడు.

తర్వాత తన సంచీలోంచి లాప్‌టాప్ తీశాడు,
ఎవరో వాడి వదిలేసింది, ఒక మడతబందు వదులు.
ముప్పై ఎనిమిది.
బ్యాటరీ నిండేటప్పుడు అరవై, అంతకు మించదు.
కరెంటు పోతే రెండు గంటలు
సద్దిమూట విప్పుకుని తన తిండి తను తింటుంది.

పేరు తప్పుపడి మిగిలిపోయిన ఒక చావు కాగితం
వెనక్కి తిప్పి లెక్క వేశాను.
రోజుకి పది గంటలు.
యూనిట్టున్నర పైమాటే మిగులు.
ఇన్నేళ్ళూ బెద్రోస్‌కి నేను కట్టింది
అతని కొత్త కారుకి కనీసం ఒక తలుపు.

అక్షరాలు ఇందులోకి మార్చుకున్నాను. పెట్టె నోరు మూసుకుంది.

డిసెంబరు. వాన.
పైవాటా అజ్నివ్ ఎప్పట్లాగే వచ్చింది,
కాగితాలు మడిచిపెట్టే వంకతో.
కుర్చీ లాక్కుని, చెప్పులు విడిచి,
పాదాలు బల్ల కిందికి చాపింది.
కాసేపు వెతికాయి ఆ పాదాలు.
"ఇదేంటి, చల్లగా ఉంది?"

అప్పుడు తెలిసింది,
ఈ గదికి చలికాలం ఎందుకు రాలేదో ఇన్నేళ్ళూ.
మీటరు వాట్లు చెప్పింది గానీ
అవి ఎవరి పాదాలకి పోతున్నాయో చెప్పలేదు.

మర్నాడు ఆవిడ తన హీటరు మోసుకొచ్చింది.
వెయ్యి వాట్లు.
నా ఫ్రిజ్జు అప్పటికే తిరుగుతోంది.
టక్.

భవనమంతా తిట్లు.
చీకట్లో లాప్‌టాప్ మాత్రం వెలుగుతోంది,
దాని తెర మీద ఆ రాత్రి పోయిన ఓహాన్ మొహం.
అజ్నివ్ ముందుకి వంగి చూసింది.
"వీడా! నా రెండు కుర్చీలు తీసుకెళ్ళి
ముప్పై ఏళ్ళు. తిరిగివ్వనేలేదు."
కొంచెం ఆగి,
"పేరులో ఒక అక్షరం వదిలేశావు, పెట్టు" అంది.
పెట్టాను. బ్యాటరీ నలభై ఒక్క శాతం.
కిందికి దిగడానికి ఇద్దరికీ తొందర లేదు.

ఇప్పుడు పనంతా చిన్నదాని మీదే.
సర్కారు కరెంటు వచ్చిన సాయంత్రాల్లో మాత్రం
బల్ల కింద మీట నొక్కుతాను.
గొంతు సవరించుకుంటుంది.
చేయడానికి దానికేమీ లేదు,
ఖాళీగా తొంభై వాట్లు తింటూ కూర్చుంటుంది.
వారుజాన్ అడిగితే
నిద్రలో కలవరిస్తోందని చెబుతాను.